చిల్లరలోనా, ఇంటి డబ్బాలోనా, వెండి కొట్లోనా: పాత నాణేల వేటకు ఎవరికి ఏ చోటు

వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తారట అని ఫోన్లో మెసేజ్ వస్తుంది, వెంటనే ఇంట్లో ఉన్న చిల్లర డబ్బాలన్నీ బోర్లిస్తాం. ఆ బిళ్ల 2012లో వచ్చింది, ఇప్పటికీ కిరాణా కొట్టు గల్లాపెట్టెల్లో తిరుగుతూనే ఉంది, గల్లాలో తిరిగేదానికి లక్షలు ఎవడిస్తాడు? అయినా ఆ మెసేజ్ పుణ్యమా అని చేతికొచ్చిన బిళ్లను రెండు వైపులా తిప్పి చూడటం మొదలైతే మంచిదే, చాలామంది ఈ హాబీలోకి అలాగే వచ్చారు. ఆ తర్వాత తేల్చుకోవాల్సింది మాత్రం ఎక్కడ వెతకాలన్నది.

ఒక్కో చోట ఒక్కో కాలం నాణేలు ఉంటాయి. జేబులో చిల్లరలో 1947 రూపాయి దొరకదు, అమ్మమ్మ ట్రంకు పెట్టెలో 2022 బిళ్ల ఉండదు. పావలా, అంతకంటే చిన్న బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేశాయి, కాబట్టి అవన్నీ బజారు వదిలి ఇళ్లలోకో పాత సామాన్ల కొట్లలోకో చేరాయి. వెండి రూపాయలు అంతకు చాలా ముందే కరిగిపోయాయి, లేదా పెట్టెల అడుక్కి వెళ్లాయి. మీకు ఏ కాలం మీద ఆసక్తి, చేతిలో ఎంత టైమ్, ఎంత డబ్బు అన్నదాన్ని బట్టి చోటు మారుతుంది.

చేతికొచ్చే చిల్లర

ఖర్చు లేదు, టెన్షన్ లేదు, దొరికేది కూడా అంతంతమాత్రమే. ఎక్కువగా 1992 తర్వాతి స్టీలు బిళ్లలు, అప్పుడప్పుడు 2007కు ముందు వచ్చిన ఆ లావుపాటి ఐదు రూపాయల బిళ్ల, అదృష్టం బాగుంటే ఎవరో డబ్బాలోంచి తీసి ఖర్చుపెట్టిన ఎనభైల నాటి రూపాయి. ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక చిల్లర మన చేతికి రావడమే తగ్గిపోయింది, కాబట్టి ఇప్పుడు అడిగి తీసుకోవాలి. సిటీ బస్సులో, టిఫిన్ సెంటర్లో, కూరగాయల బండి దగ్గర నోటిచ్చి బిళ్లలు తీసుకుంటే వాళ్లూ సంతోషిస్తారు, ముఖ్యంగా పది రూపాయల బిళ్లలు అడిగితే. పది రూపాయల బిళ్ల చెల్లదని మన ఊళ్లలో ఇప్పటికీ వెనక్కిచ్చేవాళ్లు ఉన్నారు కదా, పది గీతలున్నా పదిహేను గీతలున్నా అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే స్పష్టంగా చెప్పినా సరే. జనం వద్దన్న బిళ్లలు గల్లా మూలన పోగవుతాయి, మనకు కావాల్సింది ఆ మూలే.

ఏం చూడాలి? మొదట సంవత్సరం కింద ఉన్న గుర్తు, అంటే బిళ్లను ఏ టంకశాలలో కొట్టారో చెప్పే మింట్ మార్క్. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా. పాత బిళ్లల్లో మధ్యకు చీలిన డైమండ్, లోపల చుక్క ఉన్న డైమండ్ కూడా హైదరాబాద్‌వే. ఒకే సంవత్సరం ఒకే బిళ్ల నాలుగు టంకశాలల నుంచి నాలుగు రకాలుగా దొరికిందంటే అదో చిన్న సెట్టు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇంతకంటే మంచి ఆట నాకు కనిపించలేదు. మన టంకశాలల సామర్థ్యం చాలనప్పుడు బయటి దేశాల్లో కొట్టించినవీ ఉన్నాయి. 1985 రూపాయి మీద సంవత్సరం కింద ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో హీటన్ వాళ్లు కొట్టినది, 1997 రూపాయి మీద ఎం అక్షరం నెత్తిన చిన్న సున్నా ఉంటే మెక్సికోది. రష్యా, దక్షిణాఫ్రికా, స్లొవేకియా, కొరియా గుర్తులు కూడా తొంభైల చివరి బిళ్లల్లో తగులుతాయి. వీటికి పెద్ద రేటు రాదు, ముందే చెబుతున్నా. కానీ హైదరాబాద్ కిరాణా కొట్లో మెక్సికో సరుకు దొరకడంలో ఉన్న మజా వేరు.

తర్వాత స్మారక నాణేలు. లూయీ బ్రెయిల్ రెండు రూపాయలు, సెయింట్ అల్ఫోన్సా, ఠాగూర్, తంజావూరు బృహదీశ్వరాలయం ఐదు రూపాయలు, హోమీ భాభా పది రూపాయలు, 2022 నుంచి ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ గుర్తుతో వచ్చినవి, ఇవన్నీ చిల్లరలోనే దొరుకుతాయి. 2023లో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం మాత్రం గల్లాలో కనిపించదు, సగం వెండితో చేసి సేకరించేవాళ్ల కోసం టంకశాల నేరుగా అమ్మింది. అలాంటివి కొనుక్కోవాలి, వెతికితే దొరికేవి కావు.

చివరిగా ఎర్రర్లు, అంటే టంకశాలలో తప్పుగా కొట్టిన బిళ్లలు. చిల్లరలో నిజంగా డబ్బు వచ్చే అవకాశం ఉన్నది వీటిలోనే. బొమ్మ మధ్యలోంచి పక్కకు జరిగి ఒక వైపు ఖాళీ మిగిలినవి, రెండుసార్లు ముద్ర పడినవి, ఒక వైపున్న బొమ్మే రెండో వైపు అద్దంలోలా తిరగబడి లోతుగా పడినవి. ఇంకో సులభమైన పరీక్ష ఉంది. బిళ్లను నిటారుగా పట్టుకుని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి, వెనక బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి. వంకరగా ఉంటే డై, అంటే ముద్ర వేసే అచ్చు, తిరిగిందని అర్థం. కాస్త వంకర చాలా బిళ్లల్లో ఉంటుంది, దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. పూర్తిగా తలకిందులైతే అడిగేవాళ్లుంటారు. పది రూపాయల బిళ్లలో మధ్య ముక్క తిరగబడి ఉందని ఎవరైనా చూపిస్తే అనుమానించండి, ఆ ముక్కను ఒత్తి బయటికి తీసి తిప్పి పెట్టడం ఒక వర్క్‌షాపులో పది నిమిషాల పని.

బ్యాంకు సంచి

చిల్లర ఒక్కో బిళ్లగా వస్తుంది, బ్యాంకులో సంచిగా వస్తుంది, అదే తేడా. కొత్త సంచి అయితే అంతా ఒకే సంవత్సరం, ఒకే టంకశాల, మెరుస్తూ ఉంటాయి. ఎర్రర్లు వెతకడానికి అది బాగుంటుంది, మిగతా అన్నిటికీ విసుగు. తిరిగొచ్చిన పాత చిల్లర సంచి ఇస్తారేమో అడగండి, అది కాస్త నయం. అసలు ఇబ్బంది వెతకడం అయ్యాక మొదలవుతుంది, మిగిలిన బిళ్లలన్నీ ఏం చేస్తారు? కౌంటర్లో మళ్లీ పోస్తే క్లర్కు మొహం చూడాలి. కొట్లో ఒకేసారి గుమ్మరిద్దామంటే, రూపాయి, ఆపైన బిళ్లలు ఒక చెల్లింపుకు వెయ్యి రూపాయల వరకే చట్టప్రకారం చెల్లుతాయి, అర్ధరూపాయలైతే పది రూపాయల వరకే. చిల్లర కోసం వెతుక్కునే కిరాణా ఆయనో కొబ్బరికాయల కొట్టు ఆవిడో తెలిసి ఉంటేనే ఈ దారి పట్టండి. నా మటుకు నాకు గల్లా చిల్లరే మేలు.

ఇంట్లో డబ్బా, దేవుడి గూడు, పాత పెట్టె

నన్నడిగితే అందరూ మొదట చూడాల్సింది ఇక్కడే, ఎందుకో చాలామంది చివర చూస్తారు. మీ ఇంట్లోనే ఉండాలని లేదు. మేనత్త ఇల్లు, పెదనాన్న గారి ఊరి ఇల్లు, పాత ఇల్లు పడగొడుతున్న పక్కింటివాళ్లు, అడిగితే చూపించనివాళ్లు తక్కువ. కలశంలో వేసిన రూపాయి, వరలక్ష్మీ వ్రతం రోజు మాత్రమే బయటికి వచ్చే వెండి బిళ్ల, పిల్లలు ఆడుకుని పారేసిన పది పైసలు, గడప కింద పెట్టినవి. ఇక్కడ దొరికేది ముఖ్యంగా 1900 నుంచి 1990 వరకు ఉండే కాలం, అంటే చిల్లరలో పూర్తిగా మాయమైన కాలం.

అల్యూమినియం బిళ్లలు, ఒకటి, రెండు, మూడు, ఐదు, పది పైసలు, గుప్పెళ్ల కొద్దీ ఉంటాయి, వాటి మీద ఆశలు పెట్టుకోవద్దు. తామర పువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసలు చూడగానే అందులో బంగారం కలిసిందని ఎవరో ఒకరు చెబుతారు, లేదు, ఇత్తడి తరహా లోహమే. 1957లో దశాంశ పద్ధతి వచ్చినప్పుడు 'నయా పైసా' అని రాసి ఉండేది, 1964లో ఆ 'నయా' తీసేశారు, 1957కు ముందువన్నీ అణాలు, బేడలు, అర్ధణాలు. 1943 నుంచి 1947 వరకు కొట్టిన మధ్యలో చిల్లున్న పైసా చాలా ఇళ్లలో ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, అరుదేం కాదు. 1947 రూపాయి మీద నడుస్తున్న పులి ఉంటుంది, అది నికెల్, వెండి కాదు, అయస్కాంతానికి అతుక్కుంటుంది. స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణెం 1964 నెహ్రూది, రూపాయి, అర్ధరూపాయి రెండూ వచ్చాయి. 1969లో గాంధీ గారి శతజయంతికి వచ్చిన వాటిలో పది రూపాయల బిళ్ల మాత్రం వెండిది, దాన్ని పక్కకు తీయండి.

తెలంగాణ ఇళ్లలో, పాత నిజాం ఇలాకా అయిన ఎక్కడైనా, హాలీ సిక్కాలు, అంటే నిజాం సొంత నాణేలు, ఉంటాయి. 1950 తర్వాత కొంతకాలం మన రూపాయలతో పాటే అవీ నడిచాయి, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ (మామూలు ఇండియా) రూపాయలు లెక్క, 1959లో పూర్తిగా రద్దయ్యాయి. చార్మినార్ బొమ్మ మధ్య ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది, 1330 అంటే 1911-12 అనుకోండి. ఆ అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, ఆ తర్వాత డబ్బాలో ఉన్న ప్రతి బిళ్లకూ తేదీ చదవగలరు. కోస్తా, రాయలసీమ ఇళ్లలో హాలీ తక్కువ, రాజు బొమ్మ, రాణి బొమ్మ రూపాయలు ఎక్కువ.

ఒక్కటే జాగ్రత్త, కుటుంబంలో ఎవరిది అన్నది తేలాకే చేయి వేయండి. బిళ్ల వంద రూపాయలదైనా, లక్షలంటూ ఆ మెసేజ్ చూసిన బాబాయి గారు ఉంటే గొడవ లక్షల స్థాయిలోనే ఉంటుంది.

వెండి కొట్టు

దీనికి డబ్బు కావాలి, లెక్క కూడా తెలియాలి. ఊళ్లలో జనం పాత వెండి రూపాయలు తెచ్చి కరిగించడానికి అమ్మేస్తారు, కొట్టాయన వాటిని తూకంలోనే చూస్తాడు. ఆయనతో పరిచయం ఉంటే కరిగించకముందు మీకు చూపిస్తాడు. తూకం లెక్క ఇలా ఉంటుంది: 1939 వరకు వచ్చిన బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, అంటే 10.7 గ్రాముల వరకు వెండి. 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయి అంతే బరువు, వెండి మాత్రం సగమే, 5.83 గ్రాములు. 1940లకు ముందు నిజాం రూపాయి 11.18 గ్రాములు, 81.8 శాతం, అంటే 9.1 గ్రాములు. మూడిటికీ ఒకే రేటు అడిగితే ఎక్కడ ఆగాలో ఈ అంకెలే చెబుతాయి.

వెండి విలువ కంటే పైన ఏదైనా వస్తుందా అన్నది సంవత్సరాన్ని బట్టి. 1862 రాణి రూపాయి చూసి ఎగిరి గంతెయ్యకండి, ఆ సంవత్సరం ముద్రనే మార్చకుండా 1874 వరకు కొట్టారు, చాలా ఉన్నాయి. దాంట్లో వెనకవైపు చుక్కల సంఖ్యను బట్టి రకాలు, అవి చూసేవాళ్లు చూస్తారు. 1911 ఐదో జార్జి రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవై వెనక్కి తీసుకున్నారు, తొంభై లక్షలకు పైగా కొడితే బయటికి వెళ్లినవి ఏడు లక్షలు. అందుకే పంది రూపాయి అంటారు, తూకానికి దొరికితే వదలొద్దు. 1939 రూపాయి అసలైనది దొరకడం చాలా కష్టం, మిగిలినవే కొద్ది. అందుకే 1938 రూపాయి మీద చివరి 8ని గీకి 9 చేసినవి తిరుగుతుంటాయి, భూతద్దం లేకుండా 1939 కొనొద్దు.

రేవు, బ్రిడ్జి, అయస్కాంతం

గోదావరి బ్రిడ్జి మీద రైలు ఎక్కగానే జనం బిళ్లలు వేస్తారు, కింద పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి ఏరుకుంటారు. 2015లో గోదావరి పుష్కరాలు అయ్యాయి, 2027లో మళ్లీ వస్తున్నాయి, రేవుల్లో ఎన్ని బిళ్లలు పడతాయో ఊహించుకోవచ్చు. సరదాకు బాగుంటుంది కానీ సేకరణకు దీన్ని లెక్కలోకి తీసుకోను. అయస్కాంతానికి అంటేవి 1988 నుంచి వచ్చిన స్టీలు బిళ్లలు, 1975కు ముందు నికెల్ బిళ్లలు మాత్రమే. రాగి, కంచు, వెండి, అల్యూమినియం, కుప్రోనికెల్ ఏవీ అంటవు, అంటే నిజంగా కావాల్సినవన్నీ అడుగునే ఉండిపోతాయి. పైకి వచ్చినవి కూడా నీటికీ ఇసుకకూ అరిగి గుంటలు పడి ఉంటాయి. పైగా అది ఆ పిల్లల సంపాదన, వాళ్ల దగ్గర కొనుక్కోండి.

పేవ్‌మెంటు, జుమ్మేరాత్ బజార్

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్, చార్మినార్ చుట్టుపక్కల దుప్పటి మీద పరిచిన బిళ్లలు. నాలుగైదు దేశాల నాణేలు చవగ్గా దొరుకుతాయి, కళ్లకు అలవాటు పడటానికి మంచి చోటు. నకిలీలు కూడా ఇక్కడే. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఒక వైపు, ఇంకో వైపు ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని ఉన్న రాగి బిళ్ల చూపిస్తే నవ్వి ముందుకెళ్లిపోండి, కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. అది బియ్యాన్ని లాగుతుంది, విదేశాల్లో కోట్లకు కొంటారు అని మొదలుపెడితే అది రైస్ పుల్లింగ్ మోసం, మన రెండు రాష్ట్రాల పోలీసులకు బాగా పరిచయం ఉన్న కేసు. ఖరీదైనది ఏదైనా కొనాలంటే పేవ్‌మెంటు వదిలేసి నాణేల ప్రదర్శనలకో, బిల్లు ఇచ్చే డీలరు దగ్గరకో వెళ్లండి. ధర ఎక్కువే, కానీ నకిలీ అని తేలితే ఆయన అక్కడే ఉంటాడు.

తవ్వకం వద్దు

మెటల్ డిటెక్టర్ ఆన్‌లైన్లో దొరుకుతోంది, కోటిలింగాల, పెద్దబంకూరు వైపు శాతవాహనుల నాణేలు దొరికాయని చదివి ఉంటారు, ఆ రెండూ కలిపి ఆలోచించకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్నది పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు చెప్పాలి. అవును, పది రూపాయలే, ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. రక్షిత స్థలాల్లో తవ్వితే ఇంకా పెద్ద కేసు. మట్టి పొరలోంచి పీకేసిన నాణెంతో చరిత్రకూ నష్టమే.

ఇక ఎవరికి ఏది? కాలేజీ పిల్లలకు, నెలకు వంద రూపాయలు కూడా ఖర్చుపెట్టలేనివాళ్లకు గల్లా చిల్లర, మింట్ మార్కులు. ఊళ్లో పాత ఇల్లు, బంధువులు ఉన్నవాళ్లు ముందు ఇంటి డబ్బా, ఇంకేదీ వద్దు. డబ్బుండి వెండి మీద నమ్మకం ఉన్నవాళ్లకు వెండి కొట్టు, అక్కడ తప్పు కొన్నా వెండి విలువ మిగులుతుంది, అదే దాని గొప్ప. తీరిక ఉన్న రిటైరైన పెద్దలకు జుమ్మేరాత్ బజార్, కొనకపోయినా కాలక్షేపం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు బ్యాంకు దారి ఇక్కడికంటే చాలా మేలు, అక్కడ రోల్స్‌గా చుట్టి ఇస్తారు, తిరిగి తీసుకోవడం కూడా మామూలే. అర డాలర్లలో 1964 వరకు 90 శాతం వెండి, 1965 నుంచి 1970 వరకు 40 శాతం. 2019, 2020 క్వార్టర్ల (పావు డాలర్ల) మీద డబ్ల్యూ గుర్తు ఉంటే వెస్ట్ పాయింట్ టంకశాల‌వి, ఒక్కో డిజైన్ ఇరవై లక్షలే, మామూలు చిల్లరలోకే వదిలారు. ఇంగ్లండ్‌లో ఉంటే 2009 క్యూ గార్డెన్స్ యాభై పెన్సుల కోసం చూడండి, కొట్టినవి 2,10,000. అయితే సెలవులకు వచ్చి నాయనమ్మ ఇచ్చిన 1911 రూపాయిని సూట్‌కేసులో వేసుకుని వెళ్లాలనుకోవద్దు, వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు.

దొరికినదాన్ని చింతపండుతో గానీ విభూదితో గానీ తోమకండి. పసుపు మరక ఉన్నా, నల్లబడినా అలాగే ఉంచండి, తోమి మెరిపించిన నాణేనికి కొనేవాడు ముందుగా ధర తగ్గిస్తాడు. మామూలు ప్లాస్టిక్ కవర్లు కాలం గడిచేకొద్దీ జిగురై పచ్చబడి లోహాన్ని తింటాయి, అట్ట హోల్డర్లు కొనుక్కోండి, చవకే.

అమ్మాలనుకుంటే రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీసి, బరువు, సంవత్సరం, మింట్ మార్క్ రాసి కనీసం ఇద్దరు డీలర్లకు చూపించండి. మీ నాణేన్ని లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి, జీఎస్టీ పంపండి అంటూ రిజర్వ్ బ్యాంకు లోగోతో ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు పాత నాణేలు కొనదు, తన పేరు చెప్పి కమీషన్లు అడుగుతున్నారని 2021 ఆగస్టులో అదే హెచ్చరించింది.